టోక్యోలో పది వారాలు: ముందు ఒక్క కిలోమీటరును మీ ఊరు చేసుకోండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. సొంతూరు కాకినాడ, ఉద్యోగం హైదరాబాదులో. విదేశం వెళ్లడం ఇదే మొదలు. కంపెనీ పని మీద పది వారాలు టోక్యోలో ఉండాలి. ఆఫీసు తొయోసులో, నెలవారీ అద్దె గది మొన్‌జెన్-నకాచోలో. మాంసం, చేప తినరు, గుడ్డు పరవాలేదు. జపనీస్ ఒక్క ముక్క రాదు. అంత పెద్ద ఊళ్లో ఒంటరిగా ఎలా కుదురుకోవాలన్నది మీ దిగులు.

నేను పద్నాలుగేళ్లలో పదకొండు సార్లు టోక్యో వెళ్లాను. పది రోజుల పని మీద వెళ్లిందీ ఉంది, మూడు నెలలు ఉన్నదీ ఉంది. అందులో రెండు సార్లు మీరు దిగబోయే పేటలోనే ఉన్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెబుతాను. టోక్యోను అర్థం చేసుకోవాలని ప్రయత్నించకండి. 23 ప్రత్యేక వార్డులున్న ఊరది. ఆ వార్డుల్లోనే కోటికి దగ్గరగా జనం ఉంటారు. అక్కడే పుట్టినవాళ్లకు కూడా ఊరంతా తెలియదు. మీ గది చుట్టూ ఒక్క కిలోమీటరు మీకు తెలిస్తే చాలు. మొదటిసారి నేను దీనికి పూర్తిగా విరుద్ధంగా చేశాను. శనివారం దిగి, ఆదివారం అసకుసా, షిబుయా, అకిహబారా అన్నీ చుట్టేశాను. సోమవారం పొద్దున లేచేసరికి పాలు ఎక్కడ దొరుకుతాయో తెలియదు, స్టేషనులో ఏ ద్వారం గుండా బయటికి రావాలో తెలియదు. మొదటి సమావేశానికే పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. ఎవరూ ఏమీ అనలేదు, కానీ ఆ మౌనాన్ని మరిచిపోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. వీలైతే శుక్రవారం రాత్రికో, శనివారం ఉదయానికో చేరేలా టికెట్ అడగండి. ఆ రెండు రోజులూ పేటకే ఇవ్వండి.

బయలుదేరే ముందు పెట్టె గురించి. ఆవకాయ, కందిపొడి, కారప్పొడి నిక్షేపంగా తీసుకెళ్లండి. మాంసంతో చేసినది మాత్రం ఏ రూపంలోనూ వద్దు. అక్కడున్న మనవాళ్లు కోడి పచ్చడో, గోంగూర మాంసమో తెచ్చిపెట్టమని అడుగుతారు. మొహమాటపడకుండా కాదనండి, జపానులోకి మాంసం ఉత్పత్తులు తీసుకెళ్లడం నిషేధం. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, నిమ్మకాయలు కూడా ఇంట్లోనే వదిలేయండి. పచ్చి ఆకులకు, పండ్లకు మన దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, అక్కడ తనిఖీ చేయించాలి. మీ అమ్మగారు పెట్టె అడుగున ఒక కట్ట సర్దేస్తారు కాబట్టి ఈ మాట ఆవిడకే నేరుగా చెప్పండి.

మందుల విషయం ఇంకా గట్టిది. డాక్టరు రాసిచ్చిన మందులు నెల రోజులకు సరిపడా మాత్రమే ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లవచ్చు. మీరు ఉండేది పది వారాలు కాబట్టి, రోజూ వేసుకునే మాత్ర ఏదైనా ఉంటే ముందుగానే వాళ్ల ఆరోగ్య శాఖకు దరఖాస్తు పెట్టి దిగుమతి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. సూడోఎఫెడ్రిన్ పది శాతానికి మించి ఉన్న జలుబు మందులు అసలే నిషేధం. మందుల షాపులో అలవాటుగా కొనే జలుబు మాత్ర అట్ట తిప్పి, అందులో ఏముందో చదివాకే పెట్టెలో పెట్టండి.

ఇక ఎలక్ట్రిక్ కుక్కర్. మొదటిసారి వెళ్లేవాళ్లు దాదాపు అందరూ తీసుకెళ్తారు, వద్దు. జపానులో కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల కుక్కరుకు అక్కడ అందే వేడి ఐదో వంతు కూడా ఉండదు. 700 వాట్ల కుక్కరు 130 వాట్లతో పని చేస్తుందన్నమాట. బియ్యం నానుతుంది తప్ప ఉడకదు. నెలవారీ గదుల్లో చిన్న కుక్కరు, మైక్రోవేవ్, ఒక పొయ్యి సాధారణంగా ఉంటాయి. ఉన్నాయో లేదో ముందే మెయిల్ రాసి కనుక్కోండి. ఫోను, లాప్‌టాప్ చార్జర్లు 100 వోల్టులకు కూడా సరిపోతాయి, వాటి మీద రాసి ఉంటుంది చూడండి. కాకపోతే అక్కడి గోడ ప్లగ్గులో రెండు చదునైన పిన్నులే పడతాయి. మన గుండ్రటి పిన్నులకు అడాప్టర్లు కనీసం మూడు తీసుకెళ్లండి.

దిగిన రోజు ప్రయాణం. ఇమిగ్రేషన్, కస్టమ్స్ వివరాలు విజిట్ జపాన్ వెబ్ అనే జపాను ప్రభుత్వ సైటులో ఇక్కడే నింపి, వచ్చిన క్యూఆర్ కోడ్‌ను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. హనేదా విమానాశ్రయంలో దిగితే ఊళ్లో దిగినట్టే. నరితా అయితే 60 కిలోమీటర్ల దూరం. నరితా ఎక్స్‌ప్రెస్‌లో టోక్యో స్టేషనుకు గంట ప్రయాణం. అక్కడి నుంచి మీ పేట మూడు కిలోమీటర్లే, మెట్రో కూడా ఉంది. కానీ రెండు పెద్ద పెట్టెలతో, రాత్రంతా నిద్ర లేని ఒంటితో ఆ స్టేషను మెట్లు ఎక్కి దిగవద్దు, టాక్సీ ఎక్కండి. వెనక తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, చెయ్యి వేయకండి. చిరునామా జపనీస్ లిపిలో, పెద్ద అక్షరాలతో కాగితం మీద అచ్చు వేయించుకుని ఉంచండి. అక్కడ చాలా వీధులకు పేర్లుండవు. పేట పేరు, ఆ పేటలో భాగం సంఖ్య, ఆ భాగంలో ఇళ్ల గుంపు సంఖ్య, చివరికి ఇంటి సంఖ్య, చిరునామా అంతా ఇలా అంకెల్లో సాగుతుంది. నోటితో చెప్పి అర్థం చేయించడం కష్టం.

మొదటి రాత్రి భోజనం గురించి కాస్త ఎక్కువే రాస్తాను. ఆకలితో గదిలో కూర్చున్నప్పుడే మనిషికి ఊరు పరాయిదనిపిస్తుంది. గది నుంచి కిందికి దిగి రెండు మూడు నిమిషాలు నడిస్తే సెవెన్-ఎలెవెన్, లాసన్, ఫ్యామిలీమార్ట్ అనే గొలుసు దుకాణాల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. అక్కడ మూడు వస్తువులు కొనండి. ఒకటి, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే తయారయ్యే అన్నం ప్యాకెట్. గోహాన్ అని అడిగితే చూపిస్తారు. రెండోది, చక్కెర లేని పెరుగు డబ్బా, దాన్ని పురేన్ యోగురుతో అంటారు. మూడోది ఉప్పు. అన్నం వేడి చేసి, మూత తీసి ఆవిరి పోనిచ్చి, పెరుగు కలిపి, పక్కన ఆవకాయ ముక్క పెట్టుకోండి. జపాను బియ్యం జిగురుగా ఉంటుందని మనవాళ్లు చిన్నబుచ్చుతారు గానీ, పెరుగన్నానికి ఆ జిగురే అందం. మెత్తగా, ముద్దగా కలుస్తుంది. అక్కడి పెరుగులో పులుపు తక్కువ, ఆ లోటు ఆవకాయ తీరుస్తుంది. పదకొండు ప్రయాణాల్లోనూ నా మొదటి రాత్రి భోజనం ఇదే.

మర్నాటి నుంచి జాగ్రత్త పడాల్సిన మాట ఒకటుంది, దాషి. ఎండబెట్టిన చేపతోనో, సముద్రపు నాచుతోనో కాచే రసం అది, చాలా వంటల్లో చేపదే వాడతారు. మిసో సూపు, నూడుల్స్ పులుసు, ఉడికించిన కూరగాయలు, చూడటానికి శుద్ధ శాకాహారంలా కనిపించేవాటిలోనూ ఇది ఉంటుంది. మాంసం వద్దని చెబితే వడ్డించేవాళ్లు నిజాయతీగానే చేప రసం పోసిన గిన్నె తెచ్చి పెడతారు. వాళ్ల లెక్కలో అది మాంసం కాదు. అందుకని ఆఫీసులో మొదటి రోజే ఒక సహోద్యోగిని అడిగి, చిన్న కార్డు మీద జపనీస్‌లో రాయించుకోండి: మాంసం, చేప, చేప దాషి తినను, గుడ్డు, పాలు తింటాను. నా కార్డు ఇప్పటికీ పర్సులోనే ఉంది, అంచులు నలిగిపోయి. హోటలు వాళ్లు దాన్ని రెండు చేతులతో అందుకుని, వంటింట్లోకి తీసుకెళ్లి, వంటవాణ్ణి అడిగి వచ్చి, కుదిరితే కుదురుతుందని, లేకపోతే క్షమించమని చెబుతారు. కుదరనిచోట పట్టుబట్టకండి. ఇటాలియన్ హోటళ్లలో టమాటా, వెల్లుల్లి వేసిన పాస్తాతో గట్టెక్కవచ్చు. భారతీయ హోటళ్లు అడుగడుగునా ఉంటాయి, చాలావాటిని నేపాలీలు నడుపుతారు. సాంబారు ఆశించకుండా నాన్, పప్పుకూర అనుకుని వెళ్తే మంచి భోజనమే దొరుకుతుంది.

సన్నబియ్యం, కందిపప్పు, చింతపండు, కరివేపాకు కావాలంటే నిషి-కసాయ్ వెళ్లాలి. 2000 ప్రాంతంలో కంప్యూటర్ ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో వచ్చి స్థిరపడిన పేట అది. అది ఉన్న ఎదోగావా వార్డులోనే టోక్యో భారతీయులు అందరికంటే ఎక్కువగా ఉంటారు. మీ అదృష్టం కొద్దీ అది మీ స్టేషను నుంచి తోజాయ్ లైనులో నాలుగో స్టాపు. ఒక్క జాగ్రత్త. ఆ లైనులో అన్ని స్టేషన్లలో ఆగే బండితో పాటు, కైసొకు అనే వేగం బండి కూడా నడుస్తుంది. అది తొయోచో దాటాక ఉరయాసు దాకా ఆగదు, నిషి-కసాయ్‌ను వదిలేస్తుంది. ఒకసారి నేను చూసుకోకుండా ఎక్కేశాను. బండి భూగర్భంలోంచి పైకి వచ్చి, అరకావా నది వంతెన దాటి, నేను దిగాల్సిన స్టేషను కళ్ల ముందే వెనక్కి పోయింది. ఉరయాసు చేరాక చూస్తే అది టోక్యో కూడా కాదు, పక్కనున్న చిబా రాష్ట్రం. అవతలి ప్లాట్‌ఫామ్ మీదికి వెళ్లి, అన్ని స్టేషన్లలో ఆగే బండి ఎక్కి వెనక్కి వచ్చాను. ఇలాంటిది మీకూ ఒకసారి జరుగుతుంది, కంగారుపడకండి. నది మీదుగా వెళ్లే ఆ కాసేపూ కిటికీ పక్కన నిలబడండి, చక్కగా ఉంటుంది.

రోజూ ఆఫీసుకు వెళ్లే దారి గురించి ఫోనులోని మ్యాపు ఒకటి చెబుతుంది, ఆ పేటలో ఉన్నవాళ్లు ఒకటి చెబుతారు. మ్యాపు మిమ్మల్ని ఓఎదో లైనులో త్సుకిషిమా తీసుకెళ్లి, అక్కడ యూరాకుచో లైనుకు మార్చి తొయోసులో దింపుతుంది. రెండే స్టాపులు. కానీ ఓఎదో లైను తోఎయ్ వాళ్లది, యూరాకుచో లైను టోక్యో మెట్రో వాళ్లది. రెండు సంస్థలు కాబట్టి కొద్దిపాటి రాయితీ పోను రెండు చార్జీలు పడతాయి. పైగా ఓఎదో స్టేషన్లు చాలా లోతు, ఎక్కి దిగడానికే నిమిషాలు పోతాయి. మొన్‌జెన్-నకాచో కూడలి నుంచి తొయోసు మీదుగా వెళ్లే సిటీ బస్సు ఉంది. ముందు తలుపు గుండా ఎక్కి, డ్రైవరు పక్కనున్న పరికరానికి కార్డు తాకించి, వెనక తలుపు గుండా దిగాలి. ఎండా వానా లేని రోజుల్లో కాలువలు దాటుతూ అరగంట పైన నడిచి కూడా వెళ్లవచ్చు. ఆదివారం నాడే, ఆఫీసు వేళకే, ఒకసారి ఆ దారిలో వెళ్లి రండి. తొయోసు స్టేషనులో మీ ఆఫీసు వైపు తీసుకెళ్లే ద్వారం సంఖ్య చేతి మీద రాసుకున్నా తప్పు లేదు. టోక్యోలో తప్పిపోయేది బండి మారేటప్పుడు కాదు, స్టేషనులోంచి తప్పు ద్వారం గుండా బయటపడినప్పుడు.

కార్డంటే సుయికా లేదా పాస్మో, ముందే డబ్బు నింపుకుని వాడే కార్డులివి. పర్యాటకుల కోసం ఇచ్చే వెల్కమ్ సుయికా 28 రోజులే చెల్లుతుంది, మీకది చాలదు. మామూలు కార్డు కొనండి, 500 యెన్ల డిపాజిట్ తిరిగి వెళ్లేటప్పుడు ఇచ్చేస్తారు. రైళ్లకు, బస్సులకు, దుకాణాలకు, వీధి మూలల్లోని పానీయాల యంత్రాలకు అదే కార్డు. ఖర్చుల లెక్క కంపెనీకి చూపించాలి కదా, స్టేషనులోని యంత్రంలో కార్డు పెడితే చివరి వంద లావాదేవీల దాకా అచ్చు వేసి ఇస్తుంది. రెండు మూడు వారాలకోసారి తీసి దాచుకోండి. హోటల్లో రసీదు కావాలంటే ర్యోషూషో అని అడగండి. నగదు కొంత ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి. సెవెన్-ఎలెవెన్‌లోని ఏటీఎంలలో మన కార్డులు పని చేస్తాయి. మీది 90 రోజుల లోపు తాత్కాలిక వీసా కాబట్టి నివాస కార్డు ఇవ్వరు. పాస్‌పోర్టు ఎప్పుడూ వెంట ఉండాలన్నది అక్కడి చట్టం. గదిలో దాచి తిరగకండి.

చెత్త గురించి ఎవరూ ముందుగా చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను. కాలే చెత్తకు కొన్ని రోజులు, కాలనిదానికి వేరే రోజులు, సీసాలకు, డబ్బాలకు, కాగితాలకు ఇంకో రోజు. ఉదయం ఎనిమిదికల్లా నిర్ణీత స్థలంలో పెట్టాలి, కాకులు చింపకుండా పైన వల కప్పాలి. రెండో ప్రయాణంలో నేను పెరుగు డబ్బాలు, ప్లాస్టిక్ సీసాలు కలిపి ఒకే సంచిలో పడేశాను. సాయంత్రం వచ్చేసరికి ఆ సంచి నా గుమ్మం ముందు ఉంది, మీద ఒక కాగితం అంటించి. ఎవరు తెచ్చి పెట్టారో తెలియదు, కానీ ఆ భవనంలో నలుగురి కంట్లో పడ్డానని మాత్రం అర్థమైంది. గదిలోకి వెళ్లగానే చెత్త క్యాలెండర్‌ను ఫోటో తీసి, అనువాదం చేసుకుని, ఆ ఫోటోను ఫోను తెర మీద పెట్టుకోండి.

భాషకు భయపడుతున్నారు గానీ, తెలుగువాళ్లకు జపనీస్ వినడానికి అంత పరాయిగా ఉండదని నా నమ్మకం. మనది అజంత భాష, వాళ్లదీ దాదాపు అంతే, మాటలు అచ్చులతోనే ముగుస్తాయి. మనం బస్సు అంటాం, వాళ్లు బసు అంటారు. గ్లాసు వాళ్ల నోట గురసు అవుతుంది, ఐసు ఐసుగానే ఉంటుంది. వాక్యం నడక కూడా మనదే. వతాషి వా కైషా ని ఇకిమసు అంటే నేను కంపెనీకి వెళ్తాను అని, మాట వెంట మాట అదే వరసలో. విభక్తి నామం తర్వాతే, క్రియ చివరనే. ఇది తెలిసిన రోజు నాకు ఆ ఊరి మీద ఉన్న బెరుకు సగం పోయింది. సుమిమసేన్, ఒనెగాయ్ షిమసు, అరిగాతో గొజాయిమసు, ఈ మూడూ విమానంలోనే నేర్చుకోండి. మొదటిది క్షమించండి, కాస్త ఇటు చూడండి, శ్రమ ఇచ్చాను అనే మూడు అర్థాలకూ పనికొస్తుంది.

ఆఫీసులో ఒక్క మాట తెలిస్తే చాలా ఇబ్బందులు తప్పుతాయి. మీరు మాట్లాడుతుంటే వాళ్లు హాయ్, హాయ్ అంటూ తలూపుతారు. అది ఒప్పుకోవడం కాదు, వింటున్నామని చెప్పడం, మనం ఊఁ కొట్టినట్టు. ముజుకషీ, అంటే కష్టం అని నిట్టూర్చారంటే అది కుదరదని అర్థం. తోటివాళ్లకు ఇవ్వడానికి మిఠాయి తీసుకెళ్లండి. మీ ఊరి కాజా మీద మీకెంత ప్రేమ ఉన్నా పాకం చేతికి అంటుతుంది, కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లు ఇబ్బంది పడతారు. ఒక్కొక్కటి విడిగా కాగితంలో చుట్టిన ఆత్రేయపురం పూతరేకులు చేతి సంచిలో, నలగకుండా పట్టుకెళ్లండి. అక్కడ పంచేదంతా విడివిడిగా చుట్టే ఉంటుంది, ఒకటి తీసుకుని బల్ల మీద పెట్టుకుంటారు.

ఒంటరితనం మూడో వారంలో వస్తుంది. మొదటి రెండు వారాలు కొత్తదనంలో గడిచిపోతాయి. మూడో వారం ఆదివారం మధ్యాహ్నం గది గోడలు దగ్గరికి వచ్చినట్టుంటాయి. అప్పుడు ఫోను పక్కన పెట్టి కిందికి దిగండి. మీ స్టేషనుకు నాలుగడుగుల దూరంలో ఫుకగావా ఫుదోదో అనే బౌద్ధాలయం ఉంది. రోజుకు చాలాసార్లు అక్కడ గోమా చేస్తారు. ఆ మాట మన హోమమే, సంస్కృతం నుంచి చైనా మీదుగా వెళ్లింది. కొలువై ఉన్న ఫుదో మన అచలనాథుడు. చెప్పులు విప్పి లోపల కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అడగరు. పూజారులు వరసగా వచ్చి కూర్చుంటారు, పెద్ద ఢంకాలు మోగుతాయి, ఆ మోత నేల గుండా మోకాళ్లలోకి వస్తుంది, మధ్యలో మంట పైకి లేస్తుంది. భక్తులు తమ చేతి సంచులు అందిస్తే పూజారి వాటిని ఆ మంట సెగకు చూపించి తిరిగి ఇస్తాడు. మొదటిసారి అది చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

పక్కనే తొమియోకా హచిమాన్ గుడి. ప్రవేశం దగ్గర నడుస్తున్న భంగిమలో ఒక విగ్రహం ఉంటుంది. ఇనో తదతాకా ఆయన పేరు, ఈ పేటలోనే ఉండేవాడు. 55 ఏళ్ల వయసులో, 1800లో, ఈ గుడిలో మొక్కుకుని బయలుదేరి, అడుగులు లెక్కపెట్టుకుంటూ జపాను తీరాన్ని కొలవడం మొదలుపెట్టాడు. అడుగులతో కొలిచిన మనిషి కాపురం ఉన్న పేటలో మీరు దిగుతున్నారు, నడవండి. మీకు నేను చెప్పిన ఒక్క కిలోమీటరులో ఈ రెండు గుళ్లూ, కూరగాయల దుకాణం, పోలీసు చౌకీ, నాణేలతో నడిచే బట్టల యంత్రాలు అన్నీ వచ్చేస్తాయి.

చివరగా భూకంపాలు. పది వారాల్లో ఒకటి రెండుసార్లు గది ఊగడం మామూలే. ఫోను ఒక్కసారిగా వింత శబ్దంతో అరుస్తుంది. బయటికి పరిగెత్తకండి, బల్ల కిందికి వెళ్లండి, ఆగాక తలుపు తెరిచి ఉంచండి. గ్యాసు మీటరు దానంతట అదే ఆగిపోతే, మీట నొక్కి మూడు నిమిషాలు ఆగితే తిరిగి వస్తుంది. పోలీసులకు 110, అంబులెన్సుకు, అగ్నిమాపక దళానికి 119. సాయంత్రం పేటలోని మైకుల్లో సన్నగా పాట వినిపిస్తే అది ప్రమాద సూచన కాదు, ఆ మైకులు పని చేస్తున్నాయో లేదో రోజూ అలా చూసుకుంటారు.

మీకంటే మీ ఇంట్లోవాళ్లను సిద్ధం చేయడం ముఖ్యం. జపానులో ఎక్కడ భూమి కదిలినా మన టీవీల్లో జపాన్‌లో భూకంపం అనే వస్తుంది, అది టోక్యోకు వెయ్యి కిలోమీటర్ల దూరంలో అయినా సరే. వెంటనే అందరూ ఫోన్లు చేస్తారు, లైన్లు కలవవు, మీ అమ్మగారికి అన్నం సహించదు. ఇంటర్నెట్ సందేశం మాత్రం చాలావరకు వెళ్తుంది. కాబట్టి ముందే ఒప్పందం చేసుకోండి, ఊగిన అయిదు నిమిషాల్లో బాగున్నాను అని ఒక్క మాట పంపుతానని. వాళ్ల గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు. మీకు రాత్రి తొమ్మిదిన్నర అయినప్పుడు కాకినాడలో సాయంత్రం ఆరు, రోజూ మాట్లాడటానికి అది అనువైన వేళ. మీరుండే వార్డు పేరు కోతో. ఆ పేరు, గది చిరునామా, ఆఫీసులో ఒకరి ఫోను నంబరు తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి, బయలుదేరే ముందు కాకినాడ ఇంట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించి వెళ్లండి.